తక్కెడలో రెండు పుస్తకాలు

మా అన్న మునిరత్నం శెట్టి పోయిన శుక్రవారం ఉదయం కాలధర్మం చెందాడు. ఆ సమయానికి నేను ఆయన ఎదురుగానే, మోకాళ్ళ మీద నోటుపుస్తకం పెట్టుకుని కూర్చుని ఉన్నాను. ఆయన ఒక వాక్యం చెబుతూ మధ్యలో ఆగాడు. తగిన మాట కోసం వెతుకుతున్నాడనుకుని నేను కలం ఎత్తి పట్టుకుని ఎదురుచూశాను. ఆయనకది అలవాటే. ఒక్క పదం కోసం పావుగంట సేపు కళ్ళు మూసుకుని కూర్చున్న రోజులున్నాయి. కింద అంగడిలో ఎవరో నూలు బేరమాడుతున్నారు. కలంలో సిరా ఆరిపోతే మళ్ళీ బుడ్డిలో ముంచుకున్నాను. "చెప్పన్నా, రాస్తా ఉండాను" అన్నాను. రెండుసార్లు అన్నాను. అప్పుడు గాని నా బుద్ధికి తట్టలేదు. అంతసేపు ఒక ప్రాణంలేని మనిషి ఎదుట కలం పట్టుకుని కూర్చున్నానన్న సంగతి ఈ వారం రోజులుగా నన్ను అన్నం తిననీయడం లేదు.

అన్న పేరు పక్కన 'గారు' చేర్చమని ఈ పత్రిక సంపాదకులు అన్నారు. ఇన్నేళ్ళ బతుకులో ఇంట్లో నేనాయన్ని 'గారు' అన్న పాపాన పోలేదు. పోయాక ఆ మాట పెట్టి ఆయన్ని పరాయివాణ్ణి చేయలేను. మరొక విన్నపం. ఈ వ్యాసంలో నా స్థాయికి మించిన సంస్కృత పదాలు కనబడితే అవి నావి కావు, నాలుగేళ్ళపాటు ఆయన చెప్పగా రాసినందువల్ల నాకు అంటుకున్నవి. నా సొంత భాష గుడియాత్తం బజారు తెలుగు. అందులో సగం అరవం, తక్కిన సగం కోపం.

గుడియాత్తంలో మా నాయన నూలు అంగడి మీది మిద్దెగదిలో అన్న పుట్టాడు, ఆ గదిలోనే పోయాడు. నడుమ కొన్నేళ్ళు వేలూరులో చదువుకున్నాడు. ఆ కొన్నేళ్ళే ఆయన మనసారా బతికిన కాలమని నాకు తోస్తుంది. ఆర్థికశాస్త్రంలో పట్టా పుచ్చుకుని వచ్చేటప్పుడు అక్కడి అయ్యవారు తన సొంత పుస్తకమొకటి చేతిలో పెట్టారట. మన దేశపు ఆర్థిక చరిత్ర, ఇంగ్లీషులో, ఎర్ర అట్టతో, ఇటుకరాయంత లావున ఉండేది. "దీన్ని తెనిగించు మునిరత్నం. మన నేతగాడు, మన వర్తకుడు ఎట్లా బతికారో మనవాళ్ళు మన భాషలో తెలుసుకోవాలి" అన్నారట. అన్న మాట ఇచ్చి వచ్చాడు. వచ్చిన ఆరు నెలలకే నాయనకు పక్షవాతం వచ్చింది. పెద్దకొడుకు గనుక తక్కెడ అన్న చేతికి వచ్చింది. ఇక దాన్ని దించే వీలు ఆయనకు మళ్ళీ దొరకలేదు.

అంగడిలో కూర్చున్నా ఆయన బుద్ధి ఆ ఎర్ర పుస్తకంలోనే ఉండేది. నూలు కోసం వచ్చిన నేతగాణ్ణి నిలబెట్టి, ఈ నూలు ఏ దేశపు మిల్లులో మొదట వడికారో, అది ఓడలో వచ్చి ఇక్కడి రాట్నాలను ఎట్లా మూలన పడేసిందో వర్ణించేవాడు. "సామీ, కథ రేపు చెబుదువులే. మగ్గం కాళీగా ఉండాది, మొదట తూకం వెయ్యి" అనేవాళ్ళు వాళ్ళు. ఆయన నొచ్చుకునేవాడు కాదు. తూకం వేస్తూనే చెప్పేవాడు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ఆంధ్ర ప్రాంతపు కళాశాల నుంచి ఆయనకొక ఉత్తరం వచ్చింది, అధ్యాపకుడిగా రమ్మని. నాయన ఇంకా మంచంలోనే ఉన్నాడు. అన్న మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగోనాడు చొక్కా తొడుక్కుని వెళ్ళి, మధ్యాహ్నానికి వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. "యాడికి పోయినావన్నా?" అని అడిగాను. "కాట్పాడి దాకా" అన్నాడు. "ఏం తెచ్చినావు?" అంటే, "నన్నే తెచ్చుకున్న్యా" అన్నాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడి రైలు కదిలిపోయేదాకా చూసి వచ్చాడని తరువాత తెలిసింది. ఆ కళాశాల మాట ఆయన నోట మళ్ళీ నేను వినలేదు.

ఇక నా సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఆయన జీవితంలోని పెద్ద నిర్ణయాన్ని చెడగొట్టినదాన్ని నేనే. ఆంబూరులో నా పెనిమిటికి బియ్యం అంగడి ఉండేది. ఆయన మిగిల్చినదంతా అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వానికి అప్పుగా ఇచ్చి, బదులుగా బాండ్లు పుచ్చుకున్నాడు. ఆయన పోయాక ఆ కాగితాలున్న రేకుపెట్టె ఒక్కటే తీసుకుని నేను పుట్టింటికి చేరాను. పిల్లలు లేరు. ఆ పెట్టెను తల దగ్గర పెట్టుకుని పడుకునేదాన్ని.

తెలుగువాళ్ళకు వేరే రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు అటువైపు పండుగలు చేసుకున్నారట. మా బజారులో మాత్రం వణుకు పుట్టింది. తెలుగు మాట్లాడేవాళ్ళ బాండ్లన్నీ కర్నూలుకు పంపేస్తారని, వడ్డీ కావాలంటే అక్కడికే పోవాలని, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడగడానికి సర్కారు మనుషులు వస్తారని ఒక పుకారు లేచింది. పక్కనే నూనె అంగడి పెట్టుకున్న దొరసామి మామ ఆనాటి నుంచి వీధిలో అరవం తప్ప మాట్లాడలేదు. మామకు మాట తెలుగే గాని చదువు అరవం. ఆయనే కాదు, మా బజారులో ముప్పాతికమంది అంతే. తెలుగు గడగడా మాట్లాడతారు, తెలుగు అక్షరం మాత్రం గుర్తుపట్టలేరు. ఒకనాడు మామ మిద్దె ఎక్కి వచ్చి అన్న ముందు చతికిలబడ్డాడు.

"అప్పా మునిరత్నం, మేం మాట్లాడేది తెలుగు, కూసోనుండేది ఈడ. మా కాగితం యా పక్కది?"

"భాష చూసి అప్పు తీసుకోలేదు మామా, భాష చూసి ఎగ్గొట్టరు. రాష్ట్రాలు విడిపోతే అప్పు ఎట్లా పంచుకుంటారో దానికొక శాస్త్రముండాది."

"నోటితో ఎవురైనా చెప్తారప్పా. రాసి ఇయ్యి."

మా వర్తకులకు అదొక నియమం. తోబుట్టువు చెప్పినా సరే, కాగితం మీద కనబడనిది నమ్మరు. అన్న దగ్గర అందుకు తగిన పుస్తకం ఉంది. నల్ల అట్టది, ఇదీ ఇంగ్లీషే, ప్రభుత్వ ఋణం గురించి, వేలూరులో పాతపుస్తకాల గుట్టలో ఏరుకున్నది. "చరిత్ర చదివితే వెనక్కి చూసి కోపమొస్తాది, ఇది చదివితే ముందుకు చూసి భయమేస్తాది" అని దాన్ని వెక్కిరించేవాడు. ఇప్పుడు మామ కోసం ముందు దీన్నే తెనిగించాలా అన్న ఆలోచనలో పడ్డాడు.

అదే నెలలో అన్నకు కాళ్ళ దగ్గరున్న చెంబు తగిలి పడుతుండడం నేను గమనించాను. వేలూరు ఆసుపత్రికి తీసుకుపోతే నీటికాసులన్నారు. చూపు అంచుల నుంచి మూసుకొస్తుందని, నడుమనున్న కాస్త చూపు కొంతకాలం నిలుస్తుందని, పోయినది తిరిగిరాదని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. నేను ఏడుస్తున్నాను. అన్న మాత్రం, "పుస్తకాలు చదవొచ్చునా అమ్మా?" అని అడిగాడు. "ఒకటో రెండో చదువుకోండి" అందామె. "ఒకటా, రెండా? అది చెప్పండి" అన్నాడు. ఆమె పరిహాసమనుకుని నవ్వింది. ఆయన ముఖం చూసి నవ్వు ఆపి, "ఒకటి అనుకోండి" అంది. చదివినందువల్ల చూపు అరగదని ఆమె ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. కళ్ళు గల్లాపెట్టెలో మిగిలిన చిల్లరలాంటివని, ఇక లెక్కగా వాడాలని నిశ్చయించుకున్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అంగడి మూసి ఉంది. అన్న దూలానికి వేలాడే పెద్ద తక్కెడ ముందు నిలబడి, ఒక తట్టలో ఎర్ర పుస్తకం, ఇంకో తట్టలో నల్ల పుస్తకం పెట్టాడు. ఎర్రది దిగింది. "చూసినావా పాపా, మా అయ్యవారు నెగ్గినాడు!" అన్నాడు. నాకు నలభై దాటినా ఆయనకు నేను పాపనే. అంత సంతోషం ఆయన ముఖంలో కాట్పాడి ప్రయాణం తరువాత నేను చూడలేదు.

నాకు ఏ దయ్యం పట్టిందో తెలియదు. మిద్దె ఎక్కి నా రేకుపెట్టె తెచ్చి నల్ల పుస్తకం మీద ధబీమని పెట్టాను. ఎర్ర పుస్తకం ఆయన ముఖం దాకా లేచింది. "నాకు చరిత్ర వద్దన్నా. నా పెట్టెలో ఉండేది దుడ్డా, చిత్తుకాగితమా, అది రాసి చెప్పు" అని అరిచాను. ఆయన ఎర్ర పుస్తకం ఎటు పోయిందో తెలియక తల అటూ ఇటూ తిప్పాడు. చూపు అప్పటికే అంత సన్నబడింది. చేతితో తడిమి పట్టుకుని దించి, పక్కన పెట్టాడు. "సరేమ్మా, నల్లదే చేద్దాం" అన్నాడు. అంతే. ఎందుకు దాన్ని ఎంచుకున్నావని పెద్దమనుషులు అడిగితే, చరిత్రలోని వాళ్ళంతా పోయినవాళ్ళు గనుక వాళ్ళకు తొందర లేదని, అప్పిచ్చినవాళ్ళు బతికి ఉన్నారని చమత్కరించేవాడు. నా పేరు ఎన్నడూ ఎత్తలేదు.

మరునాటి నుంచి పని మొదలైంది. కిటికీ దగ్గర భూతద్దంతో రెండు మూడు పంక్తులు చదివి, కళ్ళు మూసుకుని తెలుగులో చెప్పేవాడు. నేను రాసేదాన్ని. "తెలుగక్షరాలు జ్ఞాపకముండాయి గదా?" అని అడిగాడు. చిన్నప్పుడు పలక మీద ఆయనే దిద్దించాడు. తరువాత నేను చదివిందంతా అరవ బడిలో. ఒత్తులు, గుడులు ఎప్పుడో ఎగిరిపోయాయి. అయినా పౌరుషం అడ్డమొచ్చి, "ఉండాయి" అనేశాను. 'ప్రభుత్వ ఋణము' అని ఆయన చెప్పగానే మొదటి అక్షరం దగ్గరే నా చెయ్యి ఆగిపోయింది. ఆయన చెబుతూ పోతున్నాడు. నేను గబగబా ఆ తెలుగునంతా అరవ అక్షరాలలో రాసేశాను, తరువాత ఎత్తి రాసుకుందాంలే అని. మా బజారులో తెలుగు జాబులు రాసుకునే పద్ధతే అది. కాని అన్న రాయిస్తున్నది జాబు కాదు, గ్రంథం.

"నువ్వు రాసింది నేను సూడను పాపా. నీ అక్షరాల మీద కళ్ళు ఖర్చు పెడితే పుస్తకం మిగిలిపోతాది" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరే నా మెడకు ఉరి అయింది. పది పేజీలప్పుడు చెప్పేసి ఉండవచ్చు. నూరు పేజీలయ్యాక ఎట్లా చెప్పేది? ఆయన చూపు తరుగుతూ ఉంది, నా అబద్ధం పెరుగుతూ ఉంది. నేనూ ఆ మిద్దెగదిలోనే, కలం ఎత్తలేక, దించలేక ఉండిపోయాను.

మొదటి అధ్యాయం ముగియగానే దాన్ని దొరసామి మామకు ఇమ్మన్నాడు. ఎట్లాగూ తెలుగు చదవలేడు, తిరిగి ఇచ్చేస్తాడులే అనుకుని ఇచ్చాను. అందులో ఉన్నవి మామకు వచ్చిన అక్షరాలేనన్న సంగతి భయంలో నాకు తోచనే లేదు. మూడోనాడు మామ మెట్ల మీదనే కేకలు వేస్తూ వచ్చాడు.

"మునిరత్నం! నాకు తెలుగు సదవను రాదంటిరే, అంతా గడగడా సదివేసినా!"

అన్న తాపీగా, "సంతోషం మామా. అర్థమైందా?" అన్నాడు.

"ఆమా, అర్థమైంది. రాష్ట్రం విడిపోయినా అప్పు విడిపోదు, ఎవురి వంతు వాళ్ళు మోయాల. అంతే గదా?"

"అంతే."

మామ పోయాక, "నేనే చదివి వినిపించినాన్నా, మామ మరిచిపోయి మాట్లాడతాండాడు" అన్నాను. అన్న "ఊ" అన్నాడు. అంతకు మించి అడగలేదు.

పుస్తకం సగమైనా కాకముందే బాండ్ల వడ్డీ వేలూరు ఖజానాలో యథాప్రకారం అందింది. ఎవరినీ ఏ భాష అని అడగలేదు. మామ వీధిలో మళ్ళీ తెలుగు మాట్లాడసాగాడు. "దుడ్డు వచ్చేసినాక పుస్తకమెందుకప్పా?" అన్నాడు. తక్కిన అధ్యాయాలు ఎవరూ అడగలేదు. అయినా అన్న మొదలుపెట్టిన పని విడిచే మనిషి కాదు. చివరి పేజీ చెప్పిన వారానికి భూతద్దం నా చేతికిచ్చి, "ఇంక దీంతో పనిలేదు, పూజగదిలో పెట్టు" అన్నాడు. మామా నేనూ కొన్నాళ్ళు ఓపిక పట్టి ఊరుకుంటే తీరిపోయే భయానికి నేను ఆయన కళ్ళు ఖర్చు పెట్టించాను. ఎర్ర పుస్తకం బీరువాలో అట్లాగే ఉండిపోయింది. దాని వైపు చూస్తే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అంతటితో నా శిక్ష తీరలేదు. చిత్తూరులో ఆయన స్నేహితుడికి ముద్రణాలయం ఉంది. రాతప్రతి పంపించమని అన్న రోజూ పొద్దున అడిగేవాడు. ఏం పంపేది? అటువైపు వాళ్ళకు ఆ అక్షరాలు రావు. ఇటువైపు అచ్చువేసేవాళ్ళకు అక్షరాలు వచ్చు గాని మాట అర్థం కాదు. దారిన పోతే సగం పూట ప్రయాణం చిత్తూరు. అయినా ఆ నోటుపుస్తకాలకు మా మిద్దె తప్ప మరొక ఊరు లేదు. "ఎత్తి రాస్తా ఉండాను" అని ప్రతిరోజూ బొంకుతూ, చివరికి రెండు వీధుల అవతల తెలుగు అయ్యవారి ఇంటికి పోయి అ ఆల నుంచి మొదలుపెట్టాను. ఇంట్లో గుడికని చెప్పి పోయేదాన్ని. "ఇన్ని గుళ్ళు తిరగతాండావు, ఒక్కనాడూ ప్రసాదం తేలేదే పాపా!" అని అన్న నవ్వేవాడు.

ఈ వేసవి చివరలో ఒకనాడు, "ఎర్ర పుస్తకం తే" అన్నాడు. తెచ్చి ఒళ్ళో పెట్టాను. తెరవలేదు, అట్టను తడుముతూ కూర్చున్నాడు. "దీన్ని ముప్పై ఏండ్లు సదివినా. మొదటి అధ్యాయానికి కండ్లు అక్కరలేదు. రాయి" అన్నాడు. ఆ రోజు మొదటిసారిగా తెలుగు అక్షరాలలో రాశాను. ఒక వాక్యానికి నాకు ఎంత సేపు పట్టేదో! ఆయన ఓపిగ్గా ఆగేవాడు. మూడోనాడో నాలుగోనాడో, చెప్పడం ఆపి చెవి వొగ్గి విన్నాడు.

"పాపా, కలం ఇప్పుడు గుండ్రంగా తిరగతాండాది."

నేను కలం పక్కన పెట్టాను.

"ఇంతకుముందు గరగరా గీతలు గీసేది. ఇప్పుడు సుట్టుకుంటా పోతాండాది."

"నీకు తెలుసా అన్నా?"

"మొదటినాడే."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు సిగ్గుపడి మానేస్తావు. నాకింకెవురుండారు రాసేదానికి? అయినా దొరసామి మామ పుట్టి బుద్ధెరిగి మొదటిసారి తెలుగు సదివినాడు. మా అయ్యవారు కోరింది అదే గదా."

"తెలిసీ చిత్తూరుకు పంపమని రోజూ ఎందుకు పీడించినావు?"

"అడగకుంటే నువ్వు నేర్చుకుంటావా?"

నేను ఆయన పాదాలు పట్టుకుని ఏడ్చాను. తక్కెడ సంగతీ ఎత్తాను. ఆ రోజు నేను పెట్టె పెట్టకుండా ఉంటే నీ కళ్ళు ఎర్ర పుస్తకానికి దక్కేవి కదా అన్నాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి వేసి, "పెట్టకుండా ఉంటే నేను ఇంకా ఆ తక్కెడ ముందరే నిలబడుండేవాణ్ణి" అన్నాడు. అది నిజమో, నన్ను ఊరడించడానికి అన్న మాటో నాకు తెలియదు. తెలుసుకునే అవకాశమూ ఇప్పుడు లేదు.

ఆ తరువాత మూడు వారాలలో తొమ్మిది పేజీలయ్యాయి. పదో పేజీలో, శుక్రవారం నాడు ఆయన చెప్పిన చివరి మాటలు ఇవి: "ఈ ప్రాంతానికి వచ్చిన తెలుగువారు కొంతకాలముండి తిరిగి పోదామనే వచ్చారు గాని".

పరామర్శకు వచ్చినవాళ్ళలో వేలూరు నుంచి ఒక లెక్చరరుగారు ఉన్నారు. ఆ వాక్యం పూర్తిగా ఎట్లా ఉందో ఎర్ర పుస్తకంలో చూసి చెప్పమని బతిమాలాను. ఆయన కిటికీ దగ్గర కూర్చుని మొదటి అధ్యాయమంతా చదివారు. నా పేజీలూ పక్కన పెట్టుకుని చూశారు. చూసి, "అమ్మా, ఈ వాక్యం పుస్తకంలో లేదు" అన్నారు. గుడియాత్తం పేరే అందులో లేదట. ఆయన చెప్పగా నేను రాసిన మా బజారు, మా మగ్గాలు, కాట్పాడి రైలు, ఏవీ లేవట. తొమ్మిది పేజీలలో మొదటి రెండే అనువాదం, తక్కినదంతా అన్న సొంతమేనట. జీవితమంతా ఇంకొకరి గ్రంథం కోసం కాచుకుని ఉన్నాడనుకున్న మనిషి, కళ్ళు పోయాక తన గ్రంథం మొదలుపెట్టాడు.

అన్నా, నీ నల్ల పుస్తకాన్ని తెలుగు లిపిలోకి ఎత్తి రాస్తున్నాను, ముగించి చిత్తూరుకు పంపుతాను. ఈ నాలుగు మాటలూ నువ్వు దిద్దించిన అక్షరాలతోనే రాశాను. నీ పాదాలకు నమస్కారం. ఆ పదో పేజీని ఎట్లాగో ఒకట్లా పూర్తి చేయమని తెలుగు అయ్యవారు అంటున్నారు. నాకిప్పుడు అక్షరాలన్నీ వచ్చు. 'గాని' తరువాత నువ్వు ఏం చెప్పబోయావో, అది మాత్రం తెలియదు.